డైవింగ్‌లో మీటర్లు ఎక్కడ పెట్టుకుంటున్నారు: చేతికా, కన్సోల్‌లోనా, నడుముకా?

కాజీపేట పోరడు
అందరికీ నమస్తే. పోయినేడు అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లో (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) ఓపెన్ వాటర్ అనే మొదటి స్కూబా కోర్సు చేశాను. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని పీల్చుకునేలా అందించేది), బీసీడీ (గాలి నింపి తేలేలా చేసే జాకెట్), సూట్ అన్నీ అక్కడే అద్దెకు తీసుకుంటాను. ఇక్కడి నుంచి మోసుకుపోయే ఓపికా లేదు, అదనపు లగేజీకి కట్టే డబ్బులూ లేవు. మీటర్లు మాత్రం సొంతవి కొందామని ఉంది. అద్దె సెట్టులో ఒకరోజు ప్రెషర్ గేజ్, డెప్త్ మీటర్, కంపాస్ మూడూ కలిపిన పెద్ద కన్సోల్ ఇస్తారు, మర్నాడు ఒంటి గేజ్ ఇస్తారు. నీళ్లలోకి దిగాక అది ఎడమ చంక కింద నుంచి వెనక్కి పోయి ఎక్కడో వేలాడుతుంటుంది. గాలి ఎంత మిగిలిందని ఇన్‌స్ట్రక్టర్ సైగ చేసిన ప్రతిసారీ వెతుక్కోవడమే. ఆయన అడగకముందే టెన్షన్.

మూడు దారులు కనిపిస్తున్నాయి. డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం, ఒంట్లో చేరే నైట్రోజన్ లెక్కేసేది) కూడా ఉన్న కన్సోల్ కొనడం ఒకటి. కంప్యూటర్ చేతికి కట్టుకుని గేజ్ విడిగా ఉంచుకోవడం రెండోది. ఫస్ట్ స్టేజ్‌కు (రెగ్యులేటర్‌లో సిలిండర్ వాల్వుకు బిగించే భాగం) గాలి ఒత్తిడిని వైర్‌లెస్‌గా పంపే ట్రాన్స్‌మిటర్ బిగించి అన్నీ చేతి మీదే చూసుకోవడం మూడోది. మీరైతే ఏం చేస్తారు?

జగిత్యాల నీలికప్ప
తమ్మీ, సీజన్‌లో నేను అక్కడే ఇన్‌స్ట్రక్టర్‌గా ఉంటాను కాబట్టి ముందు ఆ వెతుకులాట సంగతి చెప్తా. గేజ్ దొరకకపోవడం కన్సోల్ తప్పు కాదు, దాన్ని ఎక్కడా తగిలించకపోవడం వల్ల వచ్చిన తిప్పలు. గేజ్‌కు వచ్చే మామూలు హై ప్రెషర్ హోస్ (గాలి గొట్టం) 90 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పడవలో కూర్చున్నప్పుడు బుద్ధిగా ఒళ్లోనే ఉంటుంది. నీళ్లలో బోర్లా తిరగ్గానే కన్సోల్ తన బరువుకు జారిపోయి నీ పొట్టకు అర మీటరు కింద ఈడుస్తూ వస్తుంది. నువ్వేమో పగడాలకు తగలకుండా బాగానే ఈదుతున్నాననుకుంటావు. వెనకాల వచ్చే నాకు మాత్రం కొమ్మ పగడం కొసలు పుటుక్కున విరగడం, విరిగిన చోట తెల్లగా మెరవడం కనిపిస్తాయి. మన వన్యప్రాణి చట్టంలో పగడాలు పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయని బ్రీఫింగ్‌లో చెప్తే అందరూ తల ఊపుతారు. దిగాక మళ్లీ అదే కథ.

కాబట్టి ఏది కొన్నా సరే, వేలాడకుండా తగిలించే ఏర్పాటు ముందు చూసుకో.

భద్రకాళి బండ్
నా ఓటు రెండోదానికి, అదీ గట్టిగా. కంప్యూటర్ కుడి మణికట్టుకు, కంపాస్ ఎడమ చేతికి, గేజ్ ఒక్కటే ఎడమ నడుము దగ్గరి డీ-రింగ్‌కు (బీసీడీ మీద ఉండే డి ఆకారపు రింగు). పైకి వచ్చేటప్పుడు ఎడమ చెయ్యి ఇన్‌ఫ్లేటర్ (బీసీడీలో గాలి నింపే, వదిలే గొట్టం) పట్టుకుని పైకెత్తి గాలి వదులుతుంటుంది. ఆ సమయంలోనే లోతు, వేగం చూడాలి. కంప్యూటర్ కుడి చేతికి ఉంటే కళ్ల ముందే ఉంటుంది. నిమిషానికి 9 మీటర్లు దాటకుండా రావాలంటే కన్సోల్ కోసం మూడో చెయ్యి కావాలి.

గేజ్‌కు 60 సెంటీమీటర్ల పొట్టి హోస్ వేసుకుంటే చంక కింద నుంచి నేరుగా నడుముకు వస్తుంది, ఎక్కడా ఉచ్చులా పైకి లేవదు. బోల్ట్ స్నాప్‌ను (రింగుకు తగిలించే కొక్కెం) గేజ్‌కు నైలాన్ తాడుతోనే కట్టాలి, ఇనుప రింగు పెట్టి బిగించొద్దు. స్నాప్ దేనికైనా ఇరుక్కుంటే తాడు కోసేయొచ్చు, ఇనుమును నీళ్లలో ఏం చేస్తావు?

ఇంకో మాట. చేతి కంప్యూటర్‌కు వాచీ బెల్టు కన్నా బంగీ (సాగే) తాడు మేలు. లోతుకు పోయేకొద్దీ వెట్‌సూట్ నొక్కుకుపోయి పలచబడుతుంది. పైన బిగుతుగా కట్టుకున్న బెల్టు 20 మీటర్ల దగ్గర గాజులా తిరుగుతుంటుంది. బంగీ తనంతట తానే సర్దుకుంటుంది.

మంచిర్యాల మీనం
నడుముకు తగిలిస్తే మరి చూడటం ఎట్లా? ప్రతిసారీ విప్పి చూడాలా?

భద్రకాళి బండ్
విప్పాలి. ఎడమ చేత్తో విప్పడం, చూడటం, మళ్లీ తగిలించడం, కిందికి చూడకుండానే. పూల్‌లో కాసేపు చేస్తే చేతికి అలవాటైపోతుంది.

అయినా గేజ్‌ను నిమిషానికోసారి చూడక్కర్లేదు. లెక్క వేద్దాం. పైన నిమిషానికి 20 లీటర్ల గాలి పీలుస్తావనుకో. 20 మీటర్ల లోతులో ఒత్తిడి 3 బార్, అంటే పైనున్నదానికి మూడింతలు కాబట్టి అదే పీల్పు 60 లీటర్లవుతుంది. అక్కడ ఎక్కువగా ఇచ్చే అల్యూమినియం సిలిండర్ 11.1 లీటర్లది, అంటే నిమిషానికి 5 బార్ పైచిలుకు. అయిదు నిమిషాలకు 27 బార్. 200 బార్‌తో దిగి పది నిమిషాలు అక్కడే ఉన్నావంటే గేజ్‌లో 145 చుట్టుపక్కల ఉండాలి. ఎంత ఉంటుందో ముందే అనుకుని, అప్పుడు తీసి చూడు. అంకె కలిసిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. తక్కువ చూపించిందంటే ఎక్కడో లీకవుతోంది, లేదా నువ్వే కంగారులో ఎక్కువ పీలుస్తున్నావు.

నిజామాబాద్ నేవీ
బండ్ గారు చెప్పిన పద్ధతి నాకు తెలుసు, గౌరవమే. కానీ కొత్తవాళ్లకు అదే ఏకైక మార్గం అన్నట్టు చెప్పడం సరికాదు. విశాఖలో సర్వీసు అంతా నీళ్లలోనే గడిపినవాణ్ని, కన్సోల్‌తో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. గాలి, లోతు, దిక్కు ఒకే చోట ఉంటాయి, ఒక్క చూపులో అయిపోతుంది. రెండు చేతులతో కన్సోల్ పట్టుకుని మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఈదితే కంపాస్ గీత శరీరానికి సూటిగా ఉంటుంది. చేతి కంపాస్‌తో అట్లా రావాలంటే కంపాస్ లేని చెయ్యి ముందుకు చాపి, దాని మోచేతిని కంపాస్ ఉన్న చేత్తో పట్టుకోవాలి. ఇది చాలామంది నేర్చుకోరు. చెయ్యి అడ్డదిడ్డంగా పెట్టి అంకె ఒకటి చదువుతారు, పోయేది ఇంకో దిక్కుకు.

ఇంకోటి, చేతికి కట్టింది ఊడితే సముద్రానికి సమర్పయామి. కన్సోల్ హోస్‌కు ఉంటుంది, ఎక్కడికీ పోదు.

భద్రకాళి బండ్
సార్, కంపాస్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటా. కానీ ఎక్కువ కన్సోళ్లలో కంపాస్ వెనకవైపో, చివరనో ఉంటుంది. గేజ్ చూడటానికి పట్టుకున్న కోణం కంపాస్‌కు పనికిరాదు, కొంచెం వాలితే చాలు లోపలి పళ్లెం రాసుకుని ఆగిపోతుంది. ఒక్క చూపులో మూడూ అయ్యేది బొమ్మలోనే.

మంచిర్యాల మీనం
ఈ హోస్ పగిలితే పరిస్థితి ఏంటి? 200 బార్ అంటున్నారు, వింటేనే భయంగా ఉంది.

నిజామాబాద్ నేవీ
భయం సహజమే కానీ నిజం తిరకాసుగా ఉంటుంది. హై ప్రెషర్ దారిలో గాలి ఫస్ట్ స్టేజ్ నుంచి సూది మొనంత రంధ్రం గుండా వస్తుంది. అందుకే ఆ హోస్ తెగితే చప్పుడు, బుడగలు హడలగొడతాయి గానీ, నోటి దగ్గరికి వచ్చే లో ప్రెషర్ హోస్ తెగినప్పటికన్నా గాలి నెమ్మదిగా పోతుంది. తోటివాడికి సైగ చేసి మామూలు వేగంతో పైకి రావడానికి వీలుంటుంది. మామూలుగా ఎదురయ్యేది ఇంత పెద్దది కాదులెండి. గేజ్, హోస్ కలిసేచోట చిన్న తిరుగుడు గొట్టం, దానికి రెండు బుల్లి ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు రింగులు) ఉంటాయి. అవి అరిగితే ఒక్కో బుడగ చొప్పున లీకవుతుంది. పైకి వచ్చాక మార్పిస్తే సరి.

సిలిండర్ వాల్వు తిప్పేటప్పుడు మాత్రం గేజ్ అద్దం మీ మొహంవైపూ, పక్కవాడివైపూ ఉండకూడదు.

ఖని కాక
బిడ్డలూ, నేను సముద్రంలో దిగినవాణ్ని కాదు. సింగరేణిలో రెస్క్యూ టీమ్‌లో చేసి రిటైరైన. మా అల్లుడు ఈ చర్చ చూపిస్తే ఆసక్తిగా చదివిన. మాదీ వీపు మీద సిలిండరే, మొహానికి మాస్కే, నీళ్లకు బదులు పొగ.

మా సెట్టుకు ప్రెషర్ చూపించేది ఛాతీ ముందు, భుజం పట్టీకి ఉంటుంది. ఎందుకో తెలుసా? మాకు మేం చూసుకోవడానికి మాత్రమే కాదు. లోపలికి పోయినంక కెప్టెన్ మధ్యమధ్యల ఆగి, క్యాప్ ల్యాంప్ వెలుగు వేసి, ఒక్కొక్కరిది చదువుతడు. ఎవరిది అందరికన్నా తక్కువ ఉంటే వాళ్ల లెక్కమీదనే టీమంతా వెనక్కి తిరుగుతది. ‘నాది బాగానే ఉంది’ అని ఎవడన్నా అంటే ఒప్పుకోడు, తన కళ్లతోని చూస్తడు. గాలి తక్కువైనోడికి తెలివి కూడా తక్కువైతది కదా, వాడి మాట ఎట్ల నమ్ముతం?

మీ చర్చల ఎవరి మీటరు వాళ్లు ఎట్ల చూసుకోవాలన్నదే నడుస్తున్నది. పక్కోడు ఎట్ల చూడాలె?

జగిత్యాల నీలికప్ప
కాకా, దండాలు. ఈ ప్రశ్న నేనే వెయ్యాల్సింది.

లోతులో నైట్రోజన్ మత్తు ఉంటుంది. మనిషికి తన అంకె తనకు కనిపిస్తున్నా బుర్రకెక్కదు. 70 బార్ ఉన్నా వేళ్లతో 100 అని చూపించినవాళ్లను చూశాను. అందుకే గేజ్ ఎడమవైపు నడుముకు ఉంటే నేను ఎడమ పక్కన ఈదుతూ వాళ్లను ఆపకుండానే ముల్లు చూసేస్తాను. కన్సోల్ అయినా అంతే, తగిలించి ఉంటే చాలు. వైర్‌లెస్ అయితే అంకె వాళ్ల మణికట్టు లోపలే ఉంటుంది, చెయ్యి పట్టుకుని తిప్పి చూడాలి. ఒక్కొక్కరు ఏ బటన్ నొక్కితే ఏ పేజీ వస్తుందో మర్చిపోతారు, అప్పుడిక ఇద్దరం కలిసి వెతుకుతాం.

కాజీపేట పోరడు
అంటే వైర్‌లెస్ వద్దంటారా? నిజం చెప్పాలంటే నా మనసు దాని మీదే ఉంది.

జగిత్యాల నీలికప్ప
వద్దనను. కెమెరా పట్టుకునేవాళ్లకు అది వరం, గాలి ఇంకెన్ని నిమిషాలు వస్తుందో కూడా అదే చెప్తుంది. కానీ నువ్వు రెగ్యులేటర్ అద్దెకు తీసుకునేవాడివి. ట్రాన్స్‌మిటర్ పెట్టాలంటే రోజూ వాళ్ల ఫస్ట్ స్టేజ్‌కు ఉన్న ప్లగ్గు విప్పి బిగించాలి, మా దగ్గరైతే ఎవరినీ చెయ్యి పెట్టనివ్వరు. పైగా అది ఫస్ట్ స్టేజ్ నుంచి బొటనవేలిలా పొడుచుకుని ఉంటుంది. పడవలో సిలిండర్లు అందించే పిల్లలకు పట్టుకోవడానికి మంచి పిడిలా కనిపిస్తుంది. అక్కడే విరుగుతుంది. సొంత రెగ్యులేటర్ కొన్నాక 15 సెంటీమీటర్ల చిన్న హోస్ చివర పెట్టుకో, అప్పుడు ఆ బాధ ఉండదు.

భద్రకాళి బండ్
దీనికి ఒకటి కలుపుతా, చాలామంది గమనించరు. దిగేముందు రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాలుగైదుసార్లు గట్టిగా పీలుస్తూ గేజ్ ముల్లునే చూడాలి. వాల్వు పూర్తిగా తెరిచి ఉంటే ముల్లు కదలదు. ఎవరో సగం మూసి వదిలేసి ఉంటే పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి మళ్లీ లేస్తుంది. పైన గాలి సరిపోతున్నట్టే ఉంటుంది, 20 మీటర్ల దగ్గర మూడింతలు కావాల్సి వచ్చినప్పుడు బిగపడుతుంది. వైర్‌లెస్ అంకె కొన్ని సెకన్లకోసారి మారుతుంది కాబట్టి ఆ ఊగు దానిలో కనపడకుండా పోవచ్చు. ముల్లు గేజ్‌ను నేను వదలకపోవడానికి ఇదొక్కటే చాలు.

హన్మకొండ అక్క
మీ పోరగాళ్లందరూ కళ్లు బాగున్నవాళ్లలా మాట్లాడుతున్నారు, నవ్వొస్తోంది. నాకు యాభై దాటాయి, చత్వారం. నీళ్లలో అన్నీ మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కదా, ఇబ్బంది ఉండదులే అన్నారు అందరూ. పెద్దగా కనిపించే మాట నిజమే. కానీ అదే వస్తువు పావు వంతు దగ్గరికి వచ్చినట్టూ కనిపిస్తుంది. చత్వారం కళ్లకు దగ్గరిదే కదా కష్టం! కన్సోల్‌లోని బుల్లి కంప్యూటర్‌లో 8 ఏదో 3 ఏదో తెలియలేదు నాకు.

అందుకే చేతికి పెద్ద రంగుల తెర ఉన్నది తీసుకున్నాను. చెయ్యి చాపితే దూరం పెరుగుతుంది. మాస్కు కింది భాగంలో చదువుకునే పవర్ అద్దాలు అతికించి ఇస్తారు, అవీ పెట్టించాను. నడుము దగ్గరి గేజ్ చూడాలంటే ఎలాగూ కళ్లు కిందికే దించుతాం, సరిగ్గా ఆ అద్దంలోంచి ముల్లు కనిపిస్తుంది.

గేజ్‌లో 50 బార్ కింద ఎర్ర పట్టీ ఉంటుంది చూశారా, దాన్ని నమ్ముకోవద్దు. నీళ్లలో మొదట పోయే రంగు ఎరుపే. 15 మీటర్లు దాటాక ఆ పట్టీ మసి గోధుమరంగులోకి తిరిగి, పక్కనున్న నల్ల గీతల్లో కలిసిపోతుంది. టార్చి వేస్తేనే మళ్లీ ఎర్రబడుతుంది. చూడాల్సింది ముల్లు ఉన్న చోటు, పట్టీ రంగు కాదు.

నిజామాబాద్ నేవీ
అక్కగారు టార్చి అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. కొన్ని టార్చీల స్విచ్చిలో అయస్కాంతం ఉంటుంది. కంపాస్ ఉన్న చేతిలోనే అది పట్టుకుంటే ఉత్తరం టార్చి ఎటుంటే అటే. టార్చి రెండో చేతికి మార్చండి.

జంపన్న గట్టు
జాతరప్పుడు మేడారంలో వాగు దగ్గర పెట్టే గజ ఈతగాళ్లలో నేనొకణ్ని. వరదలొస్తే గోదావరికి కూడా పిలుస్తారు. ఆ ఎర్రనీళ్లలో మొహం ముందు చెయ్యి పెట్టుకున్నా కనపడదు. స్కూబా ట్రైనింగు ఇప్పిస్తామంటున్నారు. అసలు అలాంటి నీళ్లలో ఏ మీటరైనా చదవొచ్చా?

నిజామాబాద్ నేవీ
చదవొచ్చు, ఉపాయం ఉంది. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచిలో మంచినీళ్లు నింపి మూతి బిగించి వెంట తీసుకెళ్తారు. దాన్ని మాస్కు అద్దానికీ మీటరుకూ మధ్య నొక్కితే బురదనీరు పక్కకు పోయి, సంచి నీళ్లలోంచి అంకెలు కనిపిస్తాయి. టార్చి పక్కనుంచి వేయాలి, ఎదురుగా వేస్తే వెలుగంతా బురదకు తగిలి కళ్లలోకే కొడుతుంది. వెలిగే తెర ఉన్న కంప్యూటర్ అయితే మాస్కుకు ఆనించినా చాలు. ఇక్కడ చేతిదే గెలుస్తుంది. కన్సోల్‌ను గుడ్డిగా తడుముకుని తీసేలోపు అది ఏ కంపకో చిక్కుకుంటుంది.

కానీ తమ్ముడూ, అలాంటి నీళ్లలో గట్టు మీద తాడు పట్టుకుని టైమ్ చూసే మనిషి ఉండాలి. మీ మీటర్ల కన్నా అతని గడియారమే ముఖ్యం. ట్రైనింగు పూర్తిగా అయ్యేదాకా సిలిండర్ వేసుకుని దిగొద్దు, ఎవరు తొందర పెట్టినా సరే.

జంపన్న గట్టు
సరే సార్. సంచి సంగతి ట్రైనింగు వాళ్లను కూడా అడుగుతా.

మంచిర్యాల మీనం
సొంత కంప్యూటర్ ఎందుకు, అద్దెది చాలదా? డైవ్ సెంటర్లో ఇస్తారు కదా.

జగిత్యాల నీలికప్ప
ఇస్తారు. కానీ పొద్దున రెండు డైవులు ఒక కంప్యూటర్‌తో చేసి, మధ్యాహ్నం ఇంకోటి కట్టుకున్నావనుకో, ఆ రెండోదానికి నీ ఒంట్లో మిగిలిన నైట్రోజన్ సంగతి తెలియదు. నువ్వు ఇప్పుడే మొదటిసారి దిగుతున్నావని లెక్కేసి ఎక్కువ సేపు ఉండనిస్తుంది. కన్సోల్‌లో ఉన్న కంప్యూటర్‌తో ఇదే తంటా, అది రెగ్యులేటర్‌తో పాటు ఇంకొకరి చేతికి పోతుంది. చేతికి కట్టుకున్నది నీ వెంట గదికి వస్తుంది, తిరుగు ఫ్లైట్ ఎక్కడానికి ఇంకా ఎంతసేపు ఆగాలో కూడా చెప్తుంది. వరుస డైవుల తర్వాత కనీసం 18 గంటలు ఆగమంటారు కదా, ఆ లెక్క నోటితో వేసుకునేవాళ్లు ఎక్కువగా తమకు అనుకూలంగానే వేసుకుంటారు.

పోరడా, నీకు నా సమాధానం ఇదే: కంప్యూటర్ సొంతది, చేతికి. గేజ్ వాళ్లదే వాడుకో.

హన్మకొండ అక్క
బ్యాటరీ మార్చే సంగతి కూడా చూసుకుని కొను తమ్ముడూ. మా ఊళ్లో ఒక గడియారాల షాపులో నా పాత కంప్యూటర్‌కు బ్యాటరీ వేయించాను. ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు రాయకుండా పొడిగానే పెట్టి మూసేశారు, దాని మీద ఒక వెంట్రుక కూడా ఉండిపోయింది. మొదటి డైవులోనే తెర లోపల ఆవిరి. ఛార్జింగ్‌ది అయితే ఈ బాధ ఉండదు. అది విమానంలో చేతి బ్యాగులోనే పెట్టుకో.

ఖని కాక
ఆ వెంట్రుక ముచ్చట బాగ చెప్పినవ్ బిడ్డా. మా దగ్గర సెట్టు వేసుకునే ముందల ప్రతి సీలు వేలితోని తడిమి చూసేటోళ్లం.

కాజీపేట పోరడు
అందరికీ థాంక్స్. వైర్‌లెస్ మోజు ప్రస్తుతానికి పక్కన పెట్టేశాను. ఛార్జింగ్ ఉన్న చేతి కంప్యూటర్, బంగీ, ఒక చేతి కంపాస్ తీసుకుంటున్నా. నేవీ సార్ చెప్పిన మోచేయి పట్టు ఇంట్లో హాల్లోనే ప్రాక్టీస్ చేస్తుంటే మా అమ్మ వింతగా చూస్తోంది.

ఒక్కటే మిగిలింది. అద్దె కన్సోల్‌కు స్నాప్ ఉండదు, హోస్ కూడా పొడుగుది. వాళ్ల వస్తువుకు నేనేం చేయగలను?

భద్రకాళి బండ్
బోల్ట్ స్నాప్ ఒకటి, మూర నైలాన్ తాడు జేబులో వేసుకెళ్లు. కన్సోల్ మెడ దగ్గర, హోస్ దాంట్లోకి దూరే చోట నాలుగు చుట్లు చుట్టి ముడివెయ్. దేన్నీ విప్పడం లేదు కాబట్టి ఎవరూ ఏమనరు. డైవులు అయ్యాక కోసేసి స్నాప్ తెచ్చుకో.

కాజీపేట పోరడు
అద్దె బీసీడీలకు నడుము దగ్గర డీ-రింగ్ లేకపోతే? పోయినసారి వాడినదానికి ఛాతీ దగ్గర మాత్రమే ఉన్నట్టు గుర్తు.

జగిత్యాల నీలికప్ప
మా దగ్గర సగం జాకెట్లు అట్లాంటివే. హోస్‌ను ముందు నడుము పట్టీ కిందుగా లాగి, ఆ తర్వాత పైకి తెచ్చి ఎడమ ఛాతీ రింగుకు తగిలించు. 90 సెంటీమీటర్లది కాబట్టి పొడవు సరిపోతుంది, మధ్యలో వేలాడే భాగాన్ని పట్టీ పట్టుకుంటుంది. ఆక్టోపస్ (తోటివాడికి గాలి ఇవ్వడానికి ఉండే అదనపు మౌత్‌పీస్) కుడివైపు ఉంటుంది కాబట్టి దానికి అడ్డం రాదు. పట్టీ బిగించకముందే హోస్ కిందికి పెట్టాలి, బరువు బెల్టు కిందికి మాత్రం పోనివ్వకు. బెల్టు జారవిడవాల్సి వస్తే హోస్ దాన్ని పట్టేసుకుంటుంది. వచ్చే ముందు మెసేజ్ చెయ్, నడుము రింగు ఉన్న జాకెట్ నీ సైజులో ఉంటే పక్కన పెట్టిస్తా.